గోడ పేరుతో ఒక గేటు

సగటు బాబాయ్‌కి ఆ పేరు ఇంట్లోవాళ్ళు పెట్టింది కాదు. పదకొండు చొక్కాలు కలిసి పెట్టించాయి.

అప్పటికింకా ఆయనకి మీసం సరిగ్గా రాలేదు. మేనమామ టైలరింగ్ షాపులో కాజాలు కుట్టే దశ దాటి కత్తెర చేతికొచ్చిన కొత్త. ఊరి ఫుట్‌బాల్ జట్టుకి చొక్కాలు కుట్టాలన్నారు. జట్టులో ఆయనా ఒకడు, ఎడమ వైపు డిఫెన్స్ ఆడేవాడు. సమయానికి మేనమామ షాపులో లేడు. ఒక్కొక్కడికీ వేరే కొలత పెట్టి వేరేగా గుడ్డ కత్తిరించడం బుర్ర ఉన్నవాడు చేసే పనేనా అనుకున్నాడు ఆయన. అందరి ఛాతీలూ కూడి పదకొండుతో భాగించాడు. భుజాలూ అంతే, చేతులూ అంతే. వచ్చిన కొలతకి గుడ్డ మడతలు పేర్చి ఒకే ఊపులో అన్ని చొక్కాలూ కత్తిరించేశాడు. లెక్కలో తప్పు లేదు. జట్టు మొత్తానికి కలిపి గుడ్డ అచ్చంగా సరిపోయింది. విడివిడిగానే ఎవరికీ సరిపోలేదు.

కెప్టెన్‌కి గుండీలు కలవలేదు. కుడి వైపు ఆడే బక్క కుర్రాడు చొక్కా లోపల ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సి వచ్చింది. గోల్‌కీపర్‌వి మామూలు చేతులు కావు, నిలబడితే మోకాళ్ళ దాకా వచ్చేవి. అతని చొక్కా చేతులు మోచెయ్యి దాటగానే ఆగిపోయాయి. తిరిగొచ్చిన మేనమామ మెడలో టేపు తీసి మేనల్లుడి వీపు మీద దాని పొడవెంతో చూపించాడు. అందరూ చొక్కాలు వెనక్కి పడేశారు. గోల్‌కీపర్ ఒక్కడే, "బంతి నా చొక్కా చూసి ఆగుతుందా ఏంటి?" అని దాన్నే వేసుకున్నాడు. జట్టులో ఉన్నన్నాళ్ళూ దానితోనే ఆడాడు.

ఆ గోల్‌కీపర్ పేరు గోడ. అసలు పేరేదో వాళ్ళమ్మకి తెలిసి ఉండాలి. తరవాత్తరవాత బాబాయ్ మేనమామ షాపుకి యజమాని అయ్యాడు, పక్కనే గోడ ఇస్త్రీ షాపు పెట్టాడు. రెండు షాపుల మధ్యా ఉన్నది పలచటి చెక్క అడ్డం. బాబాయ్ కుట్టినవి గోడ ఇస్త్రీ చేస్తాడు. పొద్దుట షాపులు తెరిచింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఆ చెక్కలోంచి "ఒరేయ్" అనే పిలుపు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. ఊళ్ళో బాబాయ్‌ని "మీరు" అనేవాళ్ళు కస్టమర్లూ, కట్టుకున్న భార్యా. "ఒరేయ్" అనగలిగినవాడు గోడ ఒక్కడే మిగిలాడు.

చొక్కాల దెబ్బకి ఇంకొకడైతే లెక్కలకి దండం పెట్టేసేవాడు. బాబాయ్ పెట్టలేదు. కుట్టిన బట్టలు చుట్టి ఇవ్వడానికి షాపులో పాత పేపర్లు గుట్టగా ఉండేవి. ఆటల పేజీ మొత్తం చదవందే ఆయన దాంట్లో ప్యాంటు చుట్టేవాడు కాదు. చాలామంది కస్టమర్లకి బట్టలు ఆలస్యం కావడానికి అసలు కారణం అదే. చదివింది చదివినట్టు బుర్రలో అతుక్కుపోయేది. ఎవడు ఎన్ని గోల్స్ కొట్టాడు, ఎక్కడ కొట్టాడు, ఎవరి మీద కొట్టాడు, అన్నీ నోటికి వచ్చు. సాయంత్రమైతే నలుగురు చేరేవాళ్ళు. ఫలానా ఆటగాడు గొప్పా, ఇంకొకడు గొప్పా అని గొంతులు లేచేవి. బాబాయ్ తాపీగా మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టి ఆపి, ఒక అంకె చెప్పేవాడు. అంతే, షాపంతా గప్‌చుప్.

ఆ అంకెల్లో అబద్ధం ఉండేది కాదు. మర్యాద ఉండేది కాదు. ఒకనాడు ఒక ఆటగాడంతటి వాడు లేడని నిరూపించి, మర్నాడు అదే ఆటగాడు దండగమారి అని నిరూపించాడు. మొదటిరోజు వాన పడని మ్యాచులే లెక్కలోకి తీసుకున్నాడు, రెండోరోజు వాన పడినవే తీసుకున్నాడు. అడిగినవాడు లేడు. లెక్క ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో చేతిలో ఉంటే ఎవర్ని కావాలంటే వాళ్ళని సింహాసనం ఎక్కించొచ్చని ఆయనకి బాగా తెలుసు. టేపు కింద పొట్ట బిగబట్టే కస్టమర్లని మాటల్లో పెట్టి, నవ్వించి, వాళ్ళు ఊపిరి వదిలాక కొలత తీసేవాడు. ఆటల దగ్గరికి వచ్చేసరికి ఆయనే పొట్ట బిగబట్టేవాడు.

ఇలా ఉండగా ఊరి మైదానానికి కొత్త గేటు కడుతున్నారు. ఒకప్పుడు జట్టులో ఆడినవాళ్ళలో ఒకరి పేరు దానికి పెట్టాలని కమిటీ అనుకుంది. కమిటీ పెద్ద రిటైరైన హెడ్‌మాస్టారు. రాలినవాళ్ళు రాలగా రెండు పేర్లు మిగిలాయి, రెండూ గోల్‌కీపర్లవే. ఒకటి గోడ. రెండోది, గోడ తరవాత ఒక్క ఏడాది ఆడి, తరవాత ఫోటో స్టూడియో పెట్టి, ఆ పేరే తన పేరైపోయిన స్టూడియో.

గోడ నోరు తెరిచి ఏమీ అడగలేదు. కానీ పొద్దున్నే బొగ్గు రాజేసి, పెట్టె వేడెక్కే లోపల మైదానం దాకా వెళ్ళి, గేటు ఎంతవరకూ లేచిందో చూసొచ్చేవాడు. ఆ జట్టు ఏ కప్పూ గెలవలేదు. అతని ఫోటో ఏ పేపర్లోనూ పడలేదు. ఇంట్లో మనవరాలు ఒకసారి, "తాతయ్యా, నువ్వు నిజంగా ఆడావా, ఊరికే అంటున్నావా?" అని అడిగింది. అతని దగ్గర చూపించడానికి ఏమీ లేకపోయింది. ఆ సంగతి చెక్క అడ్డంలోంచి బాబాయ్‌కే చెప్పాడు, నవ్వుతూనే. ఆ నవ్వు ఎలాంటిదో బాబాయ్‌కి తెలుసు. తెలిసి కూడా చేశాడు.

ఆ రోజు గోడ ఒక పెళ్ళికొడుకు కోటు కాలర్ కాల్చాడు. గేటు గురించి ఆలోచిస్తూ పెట్టె ఎత్తడం మరిచిపోయాడు. ముదురు గోధుమ రంగు మచ్చ, కాలర్ మడత మీద.

"నువ్వు కాల్చింది కాలర్ కాదురా, నా పరువు!" అని బాబాయ్ ఒంటికాలి మీద లేచాడు.

"మడత కింద పడిందిరా, కనపడదు."

"పెళ్ళికొడుకు మెడ తిప్పడా? పెళ్ళంతా బొమ్మలా కూర్చోమంటావా?"

"నువ్వు ఆ చొక్కాలు కుట్టినప్పుడు నేనేమన్నా అన్నానా?" అన్నాడు గోడ. తగలకూడని చోట తగిలింది అది.

సాయంత్రం నలుగురూ చేరారు. మాట గేటు మీదికి వెళ్ళింది. ఎవరో, "గోడకే ఇవ్వాలి, అందులో అనుమానం ఏముంది?" అన్నారు. బాబాయ్ మిషన్ చక్రం ఆపాడు.

"గోడ ఆడిన మ్యాచుల్లో మ్యాచుకి రెండున్నర గోల్స్ పడ్డాయి. స్టూడియో ఆడినవాటిలో మ్యాచుకి ఒకటి కూడా లేదు. పేరు గోడే కానీ, అన్నీ కిటికీలే."

షాపంతా పగలబడి నవ్వింది. చెక్క అవతల ఇస్త్రీ పెట్టె చప్పుడు ఆగిపోయింది. బాబాయ్ అది విన్నాడు, నాలుక కరుచుకున్నాడు. ఎంత త్వరగా కరుచుకున్నా అప్పటికే ఆలస్యమైంది. ఎందుకంటే షాపు మూల ట్రయల్ గది తెర కదిలింది. అందులోంచి హెడ్‌మాస్టారు బయటికి వచ్చారు, ఒక కాలికి కుట్టిన ప్యాంటు, రెండో కాలికి ఇంకా గుండుసూదులు.

"ఇదయ్యా కావాల్సింది!" అన్నారు ఆయన. "నాలుగు మీటింగుల నుంచీ కమిటీవాళ్ళు అరుచుకుంటున్నారు. ఒక్కడూ అంకె చెప్పడే! రెండున్నర, ఒకటి లోపు. ఇంక వాదన ఏముంది?"

"అబ్బే, మాస్టారూ, ఏదో సరదాకి..."

"అంకె తప్పా?"

"తప్పు కాదనుకోండి..."

"అయితే సరే," అని హెడ్‌మాస్టారు గుండుసూదులతోనే కమిటీవాళ్ళని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ కుంటి నడక చూసి కూడా ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు పొద్దున చెక్క అవతల నుంచి పిలుపు వచ్చింది.

"బట్టలు ఇస్త్రీ అయ్యాయండీ. వీలున్నప్పుడు తీసుకెళ్ళండి."

బాబాయ్ వెనక్కి తిరిగి చూశాడు, షాపులోకి ఎవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని. ఎవరూ లేరు. ఆ "అండీ" తనకే.

తిట్టినా బాగుండేది. చెయ్యి చేసుకున్నా పోనీలే అనుకునేవాడు. గోడ అవేమీ చెయ్యలేదు. బట్టలు కత్తిలా మడత పెట్టి ఇచ్చాడు, ఒక్క ముడత లేదు. "కోటు కాలర్ మార్చడానికి ఎంతవుతుందో చెప్పండి, ఇచ్చేస్తాను" అన్నాడు. "టీ తాగుతావా?" అంటే "ఇప్పుడే తాగానండీ, మీరు కానివ్వండి" అన్నాడు. ఒక మనిషిని మర్యాదతో ఇంత కాల్చొచ్చని బాబాయ్‌కి అప్పటిదాకా తెలియదు. పొద్దున మైదానం వైపు నడక కూడా ఆగిపోయింది. కమిటీ స్టూడియో పేరు ఖాయం చెయ్యబోతోందన్న మాట అతని చెవిన పడింది.

బాబాయ్ ఇంట్లో మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఎదురుగా పిన్ని చొక్కాలకి కాజాలు కుడుతోంది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే మాత్రం సూది సరిగ్గా గుడ్డలోనే దిగుతుంది.

"వాడు నన్ను మీరు అంటున్నాడే," అన్నాడు బాబాయ్.

"నేను ఇన్నాళ్ళ నుంచీ అంటున్నాను, మీరేం బెంగపెట్టుకోలేదే."

"నేనేం అబద్ధం చెప్పలేదు. ఉన్న అంకే చెప్పాను."

పిన్ని దారం పళ్ళతో తెంపింది. "ఆఖరి రెండేళ్ళ మ్యాచులు కలిపారా ఆ లెక్కలో?"

బాబాయ్ గడియారం వైపు చూశాడు. "అవి... వాడు సర్దుకుని ఆడిన రోజులు. వేరేగా చూడాలి."

"సర్దుకుని ఆడాడా? ఆ రెండేళ్ళూ గోల్స్ సగానికి పడిపోయాయని మీరే చెప్పారు నాకు. ఉన్నట్టుండి అతని చేతులు పొడుగయ్యాయా?"

"లేదు."

"మరేమైంది?"

బాబాయ్ కింద పడ్డ దారం ముక్కలు ఏరసాగాడు.

"మన పెళ్ళైంది," అంది పిన్ని. "మీరు ఆట మానేశారు. మీ చోట్లోకి బంతిని చూసేవాడొకడు వచ్చాడు. స్టూడియో ఆడిన ఏడాది కూడా ఉన్నది వాడే. పెళ్ళికి ముందు గోల్స్ అన్నీ ఏ పక్కనుంచి వచ్చాయో చెప్పండి, చూద్దాం."

ఎడమ పక్కనుంచే ఎందుకు వచ్చాయో ఊళ్ళో తనకీ పిన్నికే తెలుసనుకునేవాడు బాబాయ్. మైదానానికి ఎడమ పక్క రెండంతస్తుల ఇల్లు పిన్ని పుట్టిల్లు. మ్యాచు మొదలైతే పైన బాల్కనీలోకి పిన్ని వచ్చేది. ఎడమ వైపు డిఫెన్స్ ఆడే కుర్రాడి మెడ అటే తిరిగి ఉండిపోయేది. బంతి ఆ సందులోంచి షికారుకి వెళ్ళినట్టు గోల్ దాకా వెళ్ళేది. మోచెయ్యి దాటని చొక్కాతో గోడ ఒక్కడూ ఆపగలిగినవి ఆపేవాడు.

"తప్పు నా ఒక్కడిదేనా?" అన్నాడు బాబాయ్, ఉన్న ఆఖరి అంకె బయటికి తీస్తూ. "నువ్వు మాత్రం? ఆ రోజుల్లో ఒక్క మ్యాచు కూడా మానలేదు నువ్వు! నేను లెక్కపెట్టాను. ప్రతి మ్యాచుకీ బాల్కనీలో ఉన్నావు. దానికేం చెప్తావ్?"

పిన్ని ఆయన వైపు జాలిగా చూసింది. "మ్యాచులు ఏ రోజు?"

"ఆదివారం."

"ఆదివారం మా ఇంట్లో బట్టలు ఉతికే రోజు. ఆరెయ్యడానికి వచ్చేదాన్ని."

బాబాయ్ నోరు వెళ్ళబెట్టాడు. తన జీవితంలో ఇంత గట్టి లెక్క ఇంకోటి లేదనుకున్నాడు. దాని మీదే ధైర్యం తెచ్చుకుని పెళ్ళి మాట కదిపించాడు. తీరా చూస్తే అది దుప్పట్ల లెక్క.

"మరి పెళ్ళికెందుకు ఒప్పుకున్నావ్?" అన్నాడు, గొంతు పీలగా.

"అది అంకెలతో తేలేది కాదులెండి," అని పిన్ని ఇంకో చొక్కా చేతిలోకి తీసుకుంది. తల ఎత్తలేదు కానీ, నవ్వుతోందని బాబాయ్‌కి చెవుల్ని చూస్తే తెలిసింది.

మర్నాడు కమిటీ మీటింగు. బడిలో ఆట సామాను పెట్టే గది, మూలన చిరిగిన వలలు, గాలిపోయిన బంతులు. హెడ్‌మాస్టారు కుర్చీలో ఉన్నారు, స్టూడియో కిటికీ దగ్గర నిలబడ్డాడు. పిలవకపోయినా బాబాయ్ వెళ్ళాడు.

"మాస్టారూ, నేను చెప్పిన అంకె నిజం. దాంతో మీరు తేల్చింది తప్పు. ఆ తేడా నాకు ఆ రోజే తెలుసు."

"అదెలా? అంకె అంకే కదా?"

"టేపులో ఇరవై అంగుళాలు వచ్చాయంటే, ముందు అది నడుమో తొడో అడగాలి కదండీ. ఆ రెండున్నర గోడ కొలత కాదు. వాడి ముందు డిఫెన్స్‌లో నిలబడిన మా నలుగురి కొలత. అందులోనూ ఎక్కువ భాగం నాది." బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. ఆఖరి రెండేళ్ళని ఎలా తప్పించాడో చెప్పాడు. బాల్కనీ చెప్పాడు. మెడ చెప్పాడు. అడక్కపోయినా దుప్పట్లు కూడా చెప్పాడు, సగం చెబితే మళ్ళీ పాత బుద్ధే అవుతుందని. గదంతా పొట్టలు పట్టుకుంది. హెడ్‌మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు.

"సరేనయ్యా. అయితే సరైన అంకె చెప్పు. గోడ ఆపినవెన్ని?"

బాబాయ్ నోరు తెరిచాడు. బుర్రంతా వెతికాడు. ఎన్నో ఏళ్ళ ఆటల పేజీలన్నీ ఉన్నాయి అక్కడ, ఈ ఒక్కటీ లేదు.

"లేదండీ," అన్నాడు. ఆ మాట ఆయన నోట వినడం అక్కడున్న ఎవరికైనా అదే మొదలు. "లోపలికి పోయినవి అందరం లెక్కపెట్టాం. ఆగినవి ఎవరూ లెక్కపెట్టలేదు. వాడే మా అందరిలోకీ ఎక్కువ ఏళ్ళు ఆడాడు, అంతవరకూ ఖాయంగా చెప్పగలను. గొప్పవాడా కాదా అన్నది మీరూ మీరూ కొట్టుకుని తేల్చుకోండి. నా అంకె మీద తొయ్యకండి. నన్నడిగితే గొప్పవాడే. కానీ అది నా మాట, లెక్క కాదు."

స్టూడియో కిటికీ దగ్గర్నుంచి కదిలాడు.

"నేను ఆడిన ఏడాది బంతి నా దాకా వస్తే కదండీ," అన్నాడు. "ఒక మ్యాచులో నిలబడే కునుకు తీశాను. గోడన్న ఆడుతుంటే గోలు వెనకాల కూర్చుని చూసేవాడిని. చెప్పాలంటే, గోల్‌కీపర్ కావాలని నాకు బుద్ధి పుట్టింది అక్కడే. నా పేరు తీసెయ్యండి. నా పేరు స్టూడియో బోర్డు మీద ఎలాగూ ఉంది."

ఆ తరవాత కూడా వాళ్ళు చాలాసేపు వాదించుకున్నారు, ఒకడు ఒక పెనాల్టీ గుర్తు చేస్తే ఇంకొకడు అది పెనాల్టీయే కాదని లేచాడు. కానీ ఈసారి అందరూ గోడ ఆట గురించే వాదించుకున్నారు. చివరికి చేతులెత్తమంటే అన్నీ లేచాయి. అప్పుడొక చిక్కు వచ్చిపడింది. గేటు మీద రాయించడానికి గోడ అసలు పేరు ఒక్కరికీ గుర్తు రాలేదు. కమిటీ ఉన్నదే రాయమంది. ఊళ్ళో కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ ఆగి రెండుసార్లు చదువుకుంటారు: "గోడ గేటు".

ఆ మీటింగు రోజు సాయంత్రమే బాబాయ్ టేపు మెడలో వేసుకుని ఇస్త్రీ షాపులోకి వెళ్ళాడు. మధ్యాహ్నానికే సంగతంతా ఊరు చుట్టేసింది. గోడ తలెత్తకుండా ఎవరిదో చొక్కా రుద్దుతున్నాడు.

"రండి," అన్నాడు.

ఇంకా మర్యాదే అనుకుని బాబాయ్ మెడలోంచి టేపు తీశాడు. "గేటు తెరిచే రోజు నీకు చొక్కా కావాలి. కొలత తీస్తాను."

గోడ పెట్టె పక్కన పెట్టి, నిలబడి, చేతులు చాచాడు. బాబాయ్ ఛాతీ కొలిచాడు, భుజాలు కొలిచాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి కొలతకే చొక్కా కుట్టబోవడం ఇదే మొదటిసారని అప్పుడు తట్టింది. సిగ్గుతో తల వంచుకునే అన్నాడు:

"ఆ గోల్స్ నా వల్లేరా. నీకు చెప్పాల్సింది."

"నాకు తెలియదనుకున్నారా? గోల్‌లోంచి చూస్తే మీ మెడ వెనక భాగమే కనపడేది."

"మరి అప్పుడే ఒక్క మాట అనలేదేం?"

"అంటే మీరు బంతిని చూసేవాళ్ళు. పెళ్ళి ఎవరు చేసుకునేవాళ్ళు?"

ఆవిడ వచ్చింది దుప్పట్లు ఆరెయ్యడానికని నువ్వూ వినే ఉంటావుగా అనబోయి బాబాయ్ మానేశాడు. కళ్ళలో నీళ్ళు ఆగక, భుజం మీద పెట్టిన టేపు కొస అక్కడే పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

గోడ చాచిన చెయ్యి ఇంకాస్త ముందుకి చాచాడు.

"ఒరేయ్, ఏడుపు తరవాత. ముందు ఆ చెయ్యి మణికట్టు దాకా కొలు."